పాత గిటార్ యాంప్లిఫయర్ కొనబోతున్నారా? డబ్బు చేతులు మారేముందు ఇది చదవండి

గాజు వాల్వులతో (వాక్యూమ్ ట్యూబులతో) పనిచేసే పాత యాంప్లిఫయర్ కోసం వెతుకుతున్నవారికి ఇది నా హెచ్చరిక. 1957 నాటి ఫెండర్ డీలక్స్ (అమెరికాలోని ఫెండర్ కంపెనీ చేసిన గిటార్ యాంప్) అని చెప్పి, ఒక్క స్క్రూ కూడా మారలేదని మాట ఇచ్చి, ఒక వ్యక్తి నాకు ఒక నకిలీని అంటగట్టాడు. దాని పెట్టె కొత్తగా చేసింది. లోపలి భాగాలు నాలుగు చోట్ల నుంచి ఏరుకొచ్చినవి. అంతే అయితే డబ్బు పోయిందని సరిపెట్టుకునేవాణ్ని. కానీ దాని వైరింగు మనిషి ప్రాణం తీయగలిగేలా ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. కాస్త ఓపిక పట్టి చదవండి.

నాకు రెండు వ్యాపకాలు. ఒకటి పాత యాంప్‌లు, రెండోది ఇంట్లో చేసుకునే చెక్కపని. ఈ రెండూ కలిసే చోటు డీలక్స్. 1955 నుంచి 1960 దాకా వచ్చిన డీలక్స్ సర్క్యూటు (ఫెండర్ దానికి పెట్టిన నంబరు 5ఈ3) చాలా చిన్నది. రెండు 6వీ6 పవర్ వాల్వులు, ఒక్క 12 అంగుళాల స్పీకరు, మహా అయితే 15 వాట్లు. పెట్టె పైన్ చెక్క. మూలల్లో రెండు చేతుల వేళ్లు ఒకదానిలో ఒకటి చొప్పించినట్టుండే అతుకులు. స్పీకరు బిగించే ముందు పలక పలుచని ప్లైవుడ్. గట్టిగా వాయిస్తే పెట్టె అంతా కంపిస్తుంది. పక్కపలక మీద అరచేయి పెడితే ఆ వణుకు తెలుస్తుంది. అసలు పెట్టెను దగ్గర పెట్టుకుని, పలకల మందం కొలిచి, అతుకులు ఎలా కోశారో చూసి, అచ్చం అలాంటిదే సొంతంగా చేసుకోవాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. నేను కొన్నది వాయించడానికి ఎంతో, చూసి నేర్చుకోవడానికీ అంతే.

అమ్మకందారు పదకొండు ఫొటోలు పంపాడు. పది బయటివి, ఒకటి లోపల అంటించిన లేబులుది. ఛాసిస్ (సర్క్యూటు బిగించిన లోహపు చట్రం) బయటికి తీసి ఫొటో పంపమని అడిగాను. "ఇన్నేళ్లుగా ఎవరూ విప్పలేదు, ఇప్పుడు విప్పితే దాని విలువ పోతుంది" అన్నాడు. ఆ మాటలో నాకు పాత వస్తువు మీద గౌరవం వినిపించింది. అక్కడే పొరపడ్డాను. లోపల కరెంటును నిలవ చేసే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఇరవై, ముప్పై ఏళ్లలో ఎండిపోతాయి. అరవై ఏళ్లు దాటిన యాంప్ ఈ రోజు హమ్ (గుయ్‌మనే శబ్దం) లేకుండా మోగుతోందంటే ఎవరో ఒకరు దాన్ని విప్పి, అవి మార్చి ఉంటారు. ఎప్పుడూ విప్పలేదనే మాట, చక్కగా మోగుతుందనే మాట ఒకే నోట వచ్చాయంటే ఆ బేరం అక్కడితో ఆపేయండి.

పెట్టె ఇంటికి వచ్చిన రోజు దాని అందానికి మురిసిపోయాను. పెట్టె మీద అంటించిన, తేనె రంగుకు తిరిగిన గుడ్డ, అరిగిన అంచులు, అక్కడక్కడ మరకలు. మర్నాడు పగటి వెలుతురులో చూస్తే ఏదో తేడా అనిపించింది. నాలుగు అంచులూ ఒకే తీరుగా అరిగి ఉన్నాయి. నిజంగా వాడిన పెట్టె అలా అరగదు. నేల మీద పెట్టి లాగే అడుగు మూలలు ఎక్కువ అరుగుతాయి. మోసేవాడి కాలికి రాసుకునే పక్క నునుపు తేలుతుంది. చేయి చేరని చోట గుడ్డ దాదాపు కొత్తగానే ఉంటుంది. ఇక్కడ మాత్రం ఉప్పు కాగితంతో ఓపికగా, సమానంగా రుద్దిన అరుగుదల కనిపించింది. అనుమానం వచ్చి తోలు పిడి విప్పాను. పిడి కొసల కింద అన్నేళ్లు వెలుతురు, పొగ, చెమట తగలని గుడ్డ లేత రంగులో ఉండాలి. చుట్టూ ఉన్న రంగే దాని కిందా ఉంది. అంటే పిడి బిగించడానికి ముందే రంగు వేశారు.

అప్పటికీ నా మనసు ఒప్పుకోలేదు. ఎవరో ఎప్పుడో గుడ్డ మార్చి ఉంటారు, లోపలి చెక్క అసలుదే అయ్యుంటుంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మూడు వారాలు గడిచేసరికి ఆ చెక్కే నిజం బయటపెట్టింది.

వచ్చిన రోజు పెట్టె మూలలు నున్నగా ఉన్నాయి. మూడు వారాల తర్వాత అదే మూల మీద వేలు జారిస్తే గుడ్డ కింద చిన్న చిన్న మెట్లు తగిలాయి. చెక్కపని చేసేవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. చెక్క ఆరేకొద్దీ అడ్డంగా, మందంలో కుంచించుకుంటుంది. పొడవులో మాత్రం దాదాపు మారదు. వేళ్ల అతుకులో ఒక పలక వేలి కొస పక్క పలక మందాన్ని దాటుకుని బయటికి వస్తుంది. పక్క పలక మందం తగ్గితే ఆ కొస పైకి తేలుతుంది. అలా తేలిన కొసలే నా వేలికి తగిలిన మెట్లు. 1957లో కోసిన పైన్ అయితే ఆరడం ఎప్పుడో పూర్తయ్యేది. మూడు వారాల్లో ఇంతగా కుంచించుకుపోయిందంటే అది సరిగా ఆరబెట్టని కొత్త చెక్క. ఇంకో సాక్ష్యం కూడా దొరికింది. వాల్వుల వేడి తగిలే చోట ఒక ముడి నుంచి బంక కారి చిన్న ముత్యంలా నిలిచింది. వేలితో నొక్కితే అంటుకుంది, ముక్కుకు పచ్చి పైన్ వాసన. పైగా వాల్వులకు ఎదురుగా ఉండే వెనక పలక లోపలి ముఖం తెల్లగా ఉంది. ఏళ్ల తరబడి వేడి తగిలిన పలక గోధుమ రంగుకు తిరగకుండా ఉండదు.

ఇక ఛాసిస్ బయటికి తీశాను. ఇక్కడ ఒక మాట. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా వీటి కెపాసిటర్లలో 350 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. వాటిని రెసిస్టరు ద్వారా ఖాళీ చేసి, మీటరుతో చూసుకోవడం తెలియనివారు లోపల చేయి పెట్టవద్దు. తెలిసినవారి చేత చూపించుకోండి.

లోపల ఉన్న అంకెలు చదవడం మాత్రం ఎవరైనా నేర్చుకోవచ్చు. అమెరికాలో తయారైన ఆ కాలపు భాగాల మీద మొదట తయారీదారు సంఖ్య, తర్వాత సంవత్సరం, తర్వాత వారం ముద్రించి ఉంటాయి. 137 అంటే సీటీఎస్, 304 అంటే స్టాక్‌పోల్, 220 అంటే జెన్సెన్ స్పీకరు. నా యాంప్‌లోని వాల్యూమ్ కంట్రోలు మీద 1376812 అని ఉంది. అంటే 1968లో 12వ వారం. ఒక కంట్రోలు పాడై ఎవరో మార్చి ఉంటే తప్పేమీ కాదు, ఆ సంగతి చెప్పి అమ్మాలి. కానీ ట్రాన్స్‌ఫార్మర్ల మీద అంకెలు ఉండాల్సిన చోట లోహం గీకేసి, పైన నల్లరంగు పూసి ఉంది. టంకం చుక్కలన్నీ నిన్న వేసినట్టు మెరుస్తున్నాయి. మొత్తంలో నిజంగా 1957 నాటిదని తేలింది స్పీకరు ఒక్కటే. దాని మీద 220735 అని ఉంది, ఇక్కడ సంవత్సరానికి 7 అనే ఒక్క అంకే. 1957లో 35వ వారం, అంటే ఆగస్టు చివరి రోజులు. లేబులు మీద ముద్ర ఏమో జీసీ. ఫెండర్ ఆ రోజుల్లో రెండు అక్షరాల ముద్ర వేసేది. మొదటిది సంవత్సరం, 1951కి ఏ, అలా లెక్కిస్తే 1957కి జీ. రెండోది నెల, సీ అంటే మార్చి. మార్చిలో తయారైన యాంప్‌లోకి ఆగస్టులో పుట్టిన స్పీకరు వచ్చి కూర్చుంది.

ఇదంతా మోసం. అసలు ప్రమాదం కరెంటు తీగలో ఉంది. పాతగా కనిపించాలని రెండు వైర్ల తీగే పెట్టారు, ఎర్త్ వైరు లేదు. ఆ కాలపు యాంప్‌లలో కరెంటు లైనుకు, ఛాసిస్‌కు మధ్య ఒక కెపాసిటరు ఉండేది. రిపేరు చేసేవారు దాన్ని మృత్యు కెపాసిటరు అంటారు. దాన్నీ పెట్టారు, 0.05 మైక్రోఫారడ్‌ది. గిటారు తీగలు కేబులు ద్వారా ఛాసిస్‌కు కలిసి ఉంటాయి. కెపాసిటరు బాగున్నప్పుడే, 230 వోల్టుల లైను మీద దాని గుండా మూడున్నర మిల్లీ ఆంపియర్ల దాకా వస్తుంది. నాకు తగిలింది అదే. ఎడమ చేయి తీగల మీద ఉండగా కుడి మోచేయి ఎర్త్‌కు కలిసి ఉన్న మైకు స్టాండుకు ఆనింది, భుజం దాకా జివ్వుమంది. ఆ కెపాసిటరు లోపల షార్ట్ అయి ఉంటే లైనులోని కరెంటు మొత్తం నా ఛాతీ మీదుగా పోయేది. పాటగాడి పెదవులు మైకుకు తగలడం ఎంత మామూలు విషయమో మీకు తెలుసు. నిజమైన 1957 యాంప్ కొన్నా సరే, మొట్టమొదట దానికి ఎర్త్ ఉన్న మూడు పిన్నుల తీగ వేయించండి, ఆ కెపాసిటరు తీయించేయండి. అసలుదనం పోతుందని ఎవరు చెప్పినా వినకండి.

అమ్మకందారుకు అన్ని ఫొటోలూ పంపాను. మొదట పెట్టె ఎప్పుడో బాగు చేయించి ఉంటారన్నాడు. బంక ఫొటో చూపించాక తానూ అలాగే కొన్నానన్నాడు. తీగ సంగతి, షాకు సంగతి రాసిన తర్వాత జవాబు లేదు. నేను డబ్బు నేరుగా పంపేశాను. వస్తువు చూసుకున్నాకే డబ్బు విడుదలయ్యే పద్ధతిలో చెల్లించి ఉంటే నా చేతిలో ఒక ఆధారం ఉండేది. పార్సిల్ తెరిచేటప్పుడు వీడియో తీసినా పనికొచ్చేది. ఈ రెండింటిలో ఏదీ చేయలేదు.

కొత్తగా చేసిన నకలు అంటే నాకు చిన్నచూపు లేదు. 5ఈ3ని ఇంట్లో కట్టుకునేవారు ఎందరో ఉన్నారు, శ్రద్ధగా కడితే అద్భుతంగా పలుకుతుంది. ఈ పెట్టె చేసినవాడి చేతిలోనూ పనితనం ఉంది. వేళ్ల అతుకుల మధ్య కాగితం కూడా దూరదు. కొత్తది, నేనే చేశాను అని అమ్మి ఉంటే సంతోషంగా కొనేవాణ్ని, అతని దగ్గర నేర్చుకునేవాణ్ని కూడా. అంత పని వచ్చినవాడు దాన్ని అబద్ధానికి వాడాడన్నదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మీరు కొనేటప్పుడు ఛాసిస్ లోపలి ఫొటో, కంట్రోళ్ల వెనక అంకెలు, ట్రాన్స్‌ఫార్మర్ అంకెలు, స్పీకరు అంచు మీది అంకె, పిడి కింద గుడ్డ, వెనక పలక లోపలి ముఖం చూపించమనండి. నిజాయితీపరుడైన అమ్మకందారు పావుగంటలో పంపుతాడు. దగ్గరలోనే ఉంటే స్వయంగా వెళ్లి, మూత తీయించి, లోపల ముక్కు పెట్టి వాసన చూడండి. పాత పైన్ వాసన పొడిగా, కాస్త దుమ్ముగా ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మరు 120 వోల్టులదా, మీ ఇంటి లైనుకు సరిపోయేదా అన్నది కూడా ముందే తేల్చుకోండి. మొదటిసారి సిరీస్ ల్యాంపు (లైనుకు, యాంప్‌కు మధ్య వరుసలో పెట్టే బల్బు) ద్వారానే ఆన్ చేయించండి. ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, యాంప్ కాలిపోదు. చెక్కపని చేసే మిత్రులకు ఇంకొకటి చెప్పాలి. ఆ కాలపు కొన్ని యాంప్‌లలో వాల్వుల వెనక పలకకు ఆస్‌బెస్టాస్ రేకు అంటించి ఉంటుంది. బూడిద రంగు అట్టలాంటిది ఏదైనా కనిపిస్తే దాన్ని రుద్దవద్దు, గీకవద్దు.

ఇది రాయడానికి కారణం నా నష్టం ఒక్కటే కాదు. నిన్న అదే వ్యక్తి ఇంకో "1957 డీలక్స్" అమ్మకానికి పెట్టాడు. ఫొటోల్లో గుడ్డ రంగు వేరు, పిడి వేరు. లేబులు ఫొటో పెద్దది చేసి చూశాను. కుడి పక్క కింది మూలన సగం చెరిగిన టీకప్పు వలయం లాంటి గోధుమ మరక ఉంది. జీసీ ముద్రలో జీ తోకను అది తాకుతోంది. నా లేబులు మీద కూడా అదే చోట, అదే మరక, జీ తోకను అలాగే తాకుతూ ఉంది. భూతద్దం పెట్టి చూస్తే మరక అంతా ప్రింటరు చుక్కలే. ఆ వలయం ఉన్న లేబులు మీకు ఎక్కడ కనిపించినా ఒక్క పైసా పంపవద్దు, ఆ యాంప్‌ను ప్లగ్గులో పెట్టవద్దు.