ఎకిడ్నా కోసం టాస్మేనియానా, కంగారూ ఐలాండా?

డిసెంబరు సెలవులు దగ్గరపడితే చాలు, మెల్‌బోర్న్‌లో తెలిసినవాళ్లు ఇదే అడుగుతారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, పిల్లలకూ సెలవులే, ఒంటినిండా ముళ్లుండి చీమలు తినే ఎకిడ్నా అనే జంతువును అడవిలోనే చూపించాలంటే టాస్మేనియా, కంగారూ ఐలాండ్ అనే ఈ రెండు దక్షిణాది దీవుల్లో ఎటు వెళ్లాలి? మేమూ కిందటి డిసెంబరులో ఇదే తర్జనభర్జన పడి టాస్మేనియా వెళ్లొచ్చాం.

ఎకిడ్నా లేని చోటంటూ ఆస్ట్రేలియాలో దాదాపు లేదు. ఎడారిలో ఉంటుంది, మంచు పడే కొండల్లో ఉంటుంది, ఊరి పొలిమేర తుప్పల్లోనూ ఉంటుంది. చీమలో చెదలో దొరికితే చాలు దానికి. అందుకే నేను చూసేది ఒక్కటే: పగటిపూట ఎక్కడ బయటికొస్తుంది?

దానికి ఎండ పడదు. ఒంటి వేడి 32 డిగ్రీల దగ్గరే ఉంటుంది. చెమట పట్టదు, కుక్కలా రొప్పదు. ముక్కులోంచి బుడగలు ఊదితే అవి పగిలి మూతి కొస తడుస్తుంది, ఆ తడి ఆరేకొద్దీ కాస్త చల్లబడుతుంది. ఎండ బాగా ముదిరిన రోజున మాత్రం ఏ బోలు దుంగలోకో దూరి, పొద్దువాలాకే కదులుతుంది. ఇక్కడ జనవరి ఎండాకాలం, కంగారూ ఐలాండ్‌లో 35 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని చీకట్లో టార్చిలైటుతో తిరగలేం కదా! అదే నెలలో టాస్మేనియాలోని క్రేడిల్ మౌంటెన్ కొండ దగ్గర స్వెటర్ కావాలి.

మాకు కనిపించింది పగలు పదకొండింటికి, ఆ కొండ దగ్గరి రోనీ క్రీక్ చెక్కబాట పక్కనే. టాస్మేనియా ఎకిడ్నాకు బొచ్చెంత ఒత్తంటే ముళ్లు కొసలే పైకి తేలి ఉంటాయి. వెనక పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి. గడ్డి దుబ్బులో మూతి గుచ్చి బుస్‌బుస్‌మని వెతుకుతోంది. "మన అలుగులా ఉందిరా," అన్నారు నాన్న మెల్లగా. నిజమే, ఒంటినిండా పొలుసులుండే ఆ అలుగుకూ దీనికీ పళ్లుండవు, పొడవాటి నాలుకే ఆధారం. చుట్టరికం మాత్రం లేదు, ఇది గుడ్లు పెట్టే జీవి. ఇంతలో మా చిన్నది కాలు కదిపింది. ఆ అదురుకే అది ఉన్నచోట నిలువునా మట్టిలోకి దిగిపోయింది. చూస్తుండగానే పైన ముళ్లు తప్ప ఏమీ మిగల్లేదు. అమ్మ పది నిమిషాలు అక్కడే నిలబడిపోయింది.

జులై సెలవులైతే నా మాట మారుతుంది. టాస్మేనియాలో చలికాలం మొదట్లో అవి నిద్రలో ఉంటాయి, జులైకి కొన్నే లేస్తాయి. కంగారూ ఐలాండ్‌లో అప్పుడు జతకట్టే కాలం. ఒక ఆడదాని వెనక మగవి వరుసకట్టి నడుస్తాయి, ఒక్కోసారి పది దాకా. ఆ వరుసను ఇక్కడ రైలనే అంటారు. 2019-20 కార్చిచ్చులో ఆ దీవి దాదాపు సగం, ముఖ్యంగా పడమటి వైపు, కాలిపోయింది. ఇప్పుడు మళ్లీ పచ్చబడింది. దానికి ఎదురుగా ఒడ్డునున్న కేప్ జెర్విస్ నుంచి ఫెర్రీ 45 నిమిషాలే, కానీ మెల్‌బోర్న్ నుంచి అక్కడికి చేరడానికే ఓ రోజు పోతుంది.

ఒక్క రోజే ఉంటే మెల్‌బోర్న్ దగ్గరి జంతు సంరక్షణ కేంద్రం హీల్స్‌విల్ సాంక్చువరీ చాలు. పొడవు ముక్కు ఎకిడ్నాలు న్యూగినీ కొండల్లో ఉంటాయి, సెలవుల్లో వెళ్లి చూసొచ్చేవి కావు.

డిసెంబరుకైతే మెల్‌బోర్న్ దగ్గరి జీలాంగ్‌లో రాత్రి ఓడెక్కి టాస్మేనియాలోని డెవన్‌పోర్ట్‌లో దిగండి. అక్కణ్నుంచి క్రేడిల్ గంటన్నర. రెండు పగళ్లు అక్కడే ఉంచుకోండి. కనిపిస్తే వెంటపడకండి, దాని దారికి కాస్త పక్కగా కదలకుండా నిలబడండి. చూపు అంతంతమాత్రం కాబట్టి మీ బూట్ల దాకా వచ్చినా రావచ్చు.