జాగ్రత్త: ‘జీవితకాల సంరక్షణ’ అని డిపాజిట్ అడిగితే, మంచాన పడ్డాక ఏం చేస్తారో ముందు అడగండి

శ్రీకాకుళం, ఆమదాలవలస, నరసన్నపేట వైపు పెద్దవాళ్ల కోసం ప్రైవేటు వృద్ధాశ్రమంలో గది మాట్లాడుకుంటున్నవాళ్లకి ఈ పోస్టు. ముఖ్యంగా పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో స్థిరపడి, ఫోన్లోనే అన్నీ తేల్చేస్తున్న ఇళ్లకి. ‘ఒక్కసారి డిపాజిట్ కట్టండి, చివరిదాకా మాదే పూచీ’ అంటారు. మనిషి లేవలేని రోజు వస్తే ఏం చేస్తారో కాగితం మీద చూపించమనండి. చూపించకపోతే లేచి వచ్చేయండి.

మా పెదనాన్న టీచరుగా రిటైరయ్యి కాలం చేశాక పెద్దమ్మకి ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. అన్నయ్య హైదరాబాద్ రమ్మంటే ససేమిరా అంది. "ఆ పదో అంతస్తులో నానేటి సేస్తానురా, ఇక్కడైతే ఆదివారం అరసవిల్లి ఎల్లి దండమైనా ఎట్టుకుంటాను" అని పట్టు పట్టింది. అందుకే ఊరి చివర, హైవే పక్కనున్న ఒక ఆశ్రమంలో చేర్చారు. డిపాజిట్ 5 లక్షలు, నెలకి 14 వేలు. గదులు శుభ్రంగా ఉండేవి, భోజనానికి వంక పెట్టక్కర్లేదు, అది ఒప్పుకోవాలి. కరపత్రంలో ‘జీవితకాల సంరక్షణ’, ‘24 గంటల నర్సింగ్’ అని పెద్దక్షరాల్లో ఉంది. డబ్బు కట్టిన రోజు రసీదు మాత్రమే ఇచ్చారు. అగ్రిమెంటు ప్రింటింగులో ఉందన్నారు. అది చేతికొచ్చేసరికి పెద్దమ్మ సామాన్లు గదిలో సర్దేసి ఉన్నాయి. ఇలా ముందు డబ్బు, తరవాత కాగితం అన్నారంటేనే అనుమానపడాలి.

రెండేళ్లు దాటాక బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. వైజాగ్‌లో ఆపరేషన్ చేయించి వెనక్కి తీసుకొస్తే ఆఫీసులోకి పిలిచి అగ్రిమెంటు ఆరో పేజీ చూపించారు. ‘నివాసి తన నిత్యకృత్యాలు తాను స్వయంగా చేసుకోగలిగినంత కాలం’ అని ఉంది. అంటే వాళ్ల లెక్కలో జీవితకాలం అంటే నడిచినంత కాలం. ఉంచాలంటే షిఫ్టుకి 900 చొప్పున రోజుకి ఇద్దరు మనుషుల్ని వాళ్ల ద్వారానే పెట్టుకోవాలట. అది 54 వేలు, పాత 14 వేలు కలిపితే నెలకి 68 వేలు. డైపర్లు, మందులు మనవే. అంత ఏ ఫ్యామిలీ పెన్షన్‌లో వస్తుంది? కట్టలేకపోతే గది ఖాళీ చేయమన్నారు.

ఈ గొడవ తేలేలోగా రాత్రిళ్లు నేను అక్కడ పడుకున్నాను. ఓ రాత్రి పెద్దమ్మ బాత్రూంకి పిలుస్తుంటే మంచం తల దగ్గరున్న బెల్లు నొక్కాను. ఎవరూ రాలేదు. ఫోన్ లైటు వేసి చూస్తే స్విచ్ కింద నుంచి వేలాడుతున్న వైరు కొసకి నల్ల టేపు చుట్టి ఉంది. అది దేనికీ కలపలేదు. కిందికెళ్తే మెట్ల పక్కన చాప మీద ఒక ఆయమ్మ. మూడు అంతస్తులకీ ఆవిడొక్కతే. "ఆ బెల్లు ఎప్పుడు మోగింది బాబూ, నానొచ్చినకాడి నుంచీ మోగనేదు" అంది. పాపం, ఆవిడనేం అంటాం? 24 గంటల నర్సు అంటే అదన్నమాట. మీరు చూడ్డానికి వెళ్తే పగలు కాదు, రాత్రి భోజనాలయ్యాక వెళ్లండి. బెల్లు మీరే నొక్కి చూడండి. ఇప్పుడు మంచంలో ఎంతమంది ఉన్నారో, వాళ్లని ఎవరు తిప్పి పడుకోబెడుతున్నారో చూడండి. ఒక్కరూ లేరంటే అక్కడ అందరూ ఆరోగ్యంగా ఉన్నారని అనుకోకండి.

ఇక డిపాజిట్. ఏడాదికి 10 శాతం కోత, మూడో ఏడు నడుస్తోంది కాబట్టి దాన్నీ పూర్తి ఏడాది కింద కట్టేశారు. లక్షన్నర పోయింది. మిగిలిన మూడున్నర లక్షలు ‘ఆ గదిలో కొత్త నివాసి చేరి డిపాజిట్ చెల్లించిన పిమ్మట’ ఇస్తారట. వాళ్లు ఎప్పుడు చేర్చుకుంటారో వాళ్ల ఇష్టం. అదే 5 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో వేస్తే 8.2 శాతం లెక్కన మూడు నెలలకి 10,250 రూపాయలు చేతికొచ్చేవి. రెండేళ్లు దాటాక మధ్యలో తీసేసినా ఒక్క శాతమే కోస్తారు. 2023 నుంచి 30 లక్షల దాకా వేసుకోవచ్చు. వడ్డీని మూడు నెలలకోసారి సమీక్షిస్తారు కాబట్టి వేసే ముందు కౌంటర్లో అడగండి.

‘మాకు హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది కదా’ అనుకునేవాళ్లు కూడా ఓసారి పాలసీ తీసి మినహాయింపుల్లో 05 కోడ్ చూడండి. స్నానం చేయించడం, బట్టలు మార్చడం, నడిపించడం లాంటి సేవలు ఇంట్లో చేసినా, బయట చేసినా ఆ ఖర్చు ఇవ్వరని ఉంటుంది. 70 దాటినవాళ్లకి 2024లో వచ్చిన ఆయుష్మాన్ వయ వందన కార్డు 5 లక్షలు కూడా ఆసుపత్రి వైద్యానికే. తుంటి ఆపరేషన్‌కి ఇవన్నీ పనికొస్తాయి. ఆ తరవాత నెలల తరబడి కావాల్సిన మనిషి జీతం మాత్రం మన జేబులోంచే. ముందుగా దాచుకోవాల్సింది అందుకే.

‘ఆశ్రమం ఎందుకు, ఇల్లు తమ్ముడి కొడుక్కి రాసేస్తే వాడే చూస్తాడు’ అనే సలహా మాకూ వచ్చింది. అక్కడా ఇదే తిరకాసు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద, చూడకపోతే ఆ గిఫ్టు డీడు రద్దు చేయమని ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌ని అడగొచ్చు. కానీ ‘పోషించాలి’ అన్న షరతు మీద రాసిన దస్తావేజై ఉండాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఇంకో కేసులో తల్లివైపే తీర్పిచ్చింది గానీ, ఆవిడ దగ్గర కొడుకు చూసుకుంటానని విడిగా రాసిచ్చిన కాగితం ఉంది. కాబట్టి రాసేవాళ్లు ఆ ఒక్క వాక్యం రిజిస్ట్రేషన్‌కి ముందే పెట్టించుకోండి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయొచ్చు. పెద్దవాళ్ల సమస్యలకి 14567 విడిగా ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి లాయరు తప్పనిసరి కాదు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 10 లక్షల లోపైతే 200 రూపాయలు. రెండేళ్లలోపు వేయాలి. కరపత్రం పారేయకండి, మా కేసులో గట్టి సాక్ష్యం అదే. బెల్లు వైరు ఫోటో కూడా జత చేశాం.

పెద్దమ్మ ఇప్పుడు మా వీధిలోనే చిన్న పోర్షన్‌లో ఉంది. పగటికి ఒక మనిషిని పెట్టాం, రాత్రి మేమే. వాకర్‌తో వరండా దాకా వస్తోంది. కేసు నడుస్తోంది కాబట్టి ఆశ్రమం పేరు ఇక్కడ రాయలేదు, దయచేసి కామెంట్లలో ఊహించి రాయకండి. మీ అగ్రిమెంట్లో ఇలాంటి వాక్యం ఉంటే అది మాత్రం పెట్టండి.