పక్షుల గైడు: ఫోటోలదా, బొమ్మలదా?

పక్షుల్ని గుర్తుపట్టడానికి వెంట తీసుకెళ్లే పుస్తకం, అంటే గైడు, ఫోటోలది కొనాలా, బొమ్మలది కొనాలా? విశాఖలో కంబాలకొండకో మేఘాద్రిగెడ్డకో పక్షులు చూడ్డానికి కొత్తగా బయల్దేరేవాళ్లకి వచ్చే సందేహమే ఇది.

బొమ్మల గైడుది పాత వంశం. అమెరికాలో రోజర్ టోరీ పీటర్సన్ 1934లోనే తన గైడులో, పక్షిని గుర్తుపట్టాల్సిన చోట చిన్న గీత పెట్టి చూపించాడు. మన దేశంలో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పుస్తకం 1941లో వచ్చి, ఎన్నో కూర్పులు చూసింది. 1998లో రిచర్డ్ గ్రిమ్మెట్, ఇన్‌స్కిప్ దంపతుల గైడు వచ్చింది.

ఫోటోల గైడుకి చిక్కంతా ఫోటోలతోనే. ఫిల్మ్ రోజుల్లో ప్రతి పక్షికీ అచ్చుకు పనికొచ్చే ఫోటో దొరకాలంటే మాటలా! బిక్రమ్ గ్రేవాల్, బిల్ హార్వే, ఒట్టో ఫిస్టర్‌ల ఫోటో గైడు 2002లో వచ్చింది. డిజిటల్ కెమెరాలతో ఆ టెన్షన్ చాలావరకు తీరింది.

ఫోటోలో ఉండేది ఒక పక్షి, ఒక వెలుగు, ఒక భంగిమ. కూర్చున్న పాలపిట్ట ఫోటో చూస్తే రెక్క విప్పినప్పటి నీలం తెలీదు. బొమ్మలో మగ, ఆడ, పిల్ల, ఎగిరేది అన్నీ పక్కపక్కనే పెట్టొచ్చు. కాకపోతే చిత్రకారుడి రంగు కాస్త తప్పినా మనమూ తప్పుతాం.

పిల్లలకైతే ఫోటోలదే కొనండి. చలికాలంలో భీమిలి తీరంలో వాలే ఉల్లంకుల్ని (దాదాపు ఒకేలా కనిపించే నీటి ఒడ్డు పిట్టల్ని) విడదీసి గుర్తుపట్టాలంటే మాత్రం నా ఓటు బొమ్మలకే.