కాఫీలో సరే, కేకులో వద్దు: స్వీటెనర్లు ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

కాఫీ, టీ, నిమ్మరసం, పెరుగు లాంటి వాటిలో చక్కెర బదులు స్వీటెనర్ వేసుకోవచ్చా అని ఎవరైనా అడిగితే నిరభ్యంతరంగా వేసుకోండి అంటాను. కేకు, బిస్కెట్, జామ్ లాంటి వాటిలోనా అంటే మాత్రం వద్దంటాను. వాటిలో చక్కెర పని తీపి ఒక్కటే కాదు. చాలామంది 'మంచిదా చెడ్డదా' అన్న దగ్గరే ఆగిపోతున్నారు గానీ, రోజూ వాడే మనిషికి అంతకంటే ముందు తేలాల్సింది దేంట్లో వాడుతున్నాం, దేని బదులు వాడుతున్నాం అన్నది.

నేను మొదలుపెట్టింది రక్తపరీక్షలో ఫాస్టింగ్ షుగర్ హద్దు మీద కనిపించినప్పుడు. ఇంకా షుగర్ జబ్బు రాలేదు, కానీ ఇంట్లో నాన్నకి ఉంది, ఆయన ఇన్సులిన్ మీద ఉన్నారు, కాబట్టి టెన్షన్ మామూలుగా లేదు. కూర్చుని లెక్క వేస్తే రోజుకి నాలుగు కప్పులు, కప్పుకి రెండు చెంచాలు. చెంచాకి నాలుగు గ్రాముల చొప్పున 32 గ్రాములు, అంటే దాదాపు 130 కేలరీలు, అదీ కేవలం తాగే వాటిలోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజువారీ కేలరీల్లో అదనపు చక్కెర పది శాతం దాటకూడదని, వీలైతే ఐదు శాతం లోపు ఉంటే ఇంకా మేలని చెబుతుంది. రెండు వేల కేలరీలు తినే మనిషికి ఆ ఐదు శాతం 25 గ్రాములు. నా కప్పులే దాన్ని దాటేస్తున్నాయి. తీపి లేని కాఫీ అప్పట్లో గొంతు దిగేది కాదు, అందుకే స్వీటెనర్.

ముందు రుచి సంగతి, ఎందుకంటే రుచి నచ్చకపోతే మిగతా చర్చ అంతా అనవసరం. సాకరిన్ అన్నిటికంటే పాతది, 1879లో కనిపెట్టారు, చక్కెర కంటే మూడు వందల రెట్లు పైనే తీపి. నాకు అది తాగిన తర్వాత నాలుక వెనక ఇనుము నాకినట్టు చేదు మిగులుతుంది. మా ఇంట్లోనే ఇంకొకరికి ఆ చేదు అసలు తెలియదు. ఇది ఊహ కాదు, సాకరిన్, ఏసీసల్ఫేమ్ కె అనే ఇంకో స్వీటెనర్ నాలుక మీద రుచిని పసిగట్టే తీపి గ్రాహకాలతో పాటు కొన్ని చేదు గ్రాహకాలను కూడా తడతాయి, ఆ గ్రాహకాల జన్యువులు మనిషికీ మనిషికీ తేడాగా ఉంటాయి. అందుకే ఒకరు 'బాగుంది' అన్న డబ్బా మీకు నచ్చాలని రూలేం లేదు, చిన్న ప్యాక్ కొని చూడండి.

ఆస్పర్టేమ్ రుచి నాకు చక్కెరకు బాగా దగ్గరగా అనిపించింది. 1965లో బయటపడింది, చక్కెర కంటే సుమారు రెండు వందల రెట్లు తీపి. దీనితో వచ్చే చిక్కల్లా వేడి. కప్పులో వేసుకుని తాగేస్తే ఏమీ కాదు, కానీ పొయ్యి మీద మరిగే దానిలో వేస్తే అది విడిపోతూ తీపి తగ్గిపోతుంది. దించాక వేసుకోవాలి. ఫినైల్‌కీటోన్యూరియా అనే అరుదైన పుట్టుక సమస్య ఉన్నవాళ్లు దీన్ని వాడకూడదు, డబ్బా మీద హెచ్చరిక ఉండేది అందుకే. సుక్రలోజ్ సుమారు ఆరు వందల రెట్లు తీపి, వేడికి ఆస్పర్టేమ్ కంటే బాగా తట్టుకుంటుంది, చేదు తక్కువ, కాకపోతే ఆ తీపి నోట్లో అవసరమైన దానికంటే ఎక్కువసేపు ఉండిపోతుంది. స్టీవియా ఆకు నుంచి వస్తుంది కాబట్టి చాలామంది దానివైపు మొగ్గుతారు, నాకు దాంట్లో అతిమధురం వేరు నమిలినట్టు ఒక వెనక రుచి తెలుస్తుంది. కాఫీ చేదులో అది కలిసిపోతుంది గానీ పెరుగులో దాక్కోదు. ఎరిత్రిటాల్ చూడటానికి చక్కెరలాగే పలుకులుగా ఉంటుంది, తీపి చక్కెరలో అరవై డెబ్భై శాతమే, నోట్లో వేసుకుంటే చల్లగా తగులుతుంది.

డబ్బా ముందు వైపు రాసింది చదివి ఆగిపోవద్దు, వెనక్కి తిప్పండి. వందల రెట్లు తీపి ఉన్న పదార్థాన్ని చెంచాతో కొలవడం కుదరదు, చిటికెలో చిన్న వంతు చాలు. అందుకని ప్యాకెట్ నింపడానికి మాల్టోడెక్స్‌ట్రిన్ (ఒక రకం పిండి పదార్థం), డెక్స్‌ట్రోజ్ (అంటే గ్లూకోజే), బిళ్ళల్లో అయితే లాక్టోజ్ (పాలలోని చక్కెర) లాంటివి కలుపుతారు. మాల్టోడెక్స్‌ట్రిన్, డెక్స్‌ట్రోజ్ రెండూ రక్తంలో షుగర్‌ని త్వరగా పెంచేవే. ఒక ప్యాకెట్‌లో ఒక గ్రాము లోపే కాబట్టి కప్పుకి పట్టించుకోనక్కర్లేదు, కానీ అదే పొడిని 'చక్కెరకు సమానం' అని కప్పులతో కొలిచి వంటలో పోస్తే అప్పుడు లెక్కలోకి వస్తుంది. 'స్టీవియా' అని పెద్ద అక్షరాలతో ఉన్న డబ్బాలో కూడా ఎక్కువ భాగం ఎరిత్రిటాలో మాల్టోడెక్స్‌ట్రినో ఉండటం మామూలే. ఇవేవీ వద్దనుకుంటే చుక్కల మందులా వచ్చే ద్రవం మేలు, నేను ఎక్కువ కాలం వాడింది అదే.

కేకుల విషయం. చక్కెర పిండిలో తేమను పట్టి ఉంచుతుంది, బరువునీ పరిమాణాన్నీ ఇస్తుంది, వేడికి గోధుమరంగు తెస్తుంది, వెన్నతో కలిపి గిలకొట్టినప్పుడు గాలి నిలిపేది అదే. సుక్రలోజ్‌తో చేసిన కేకు పాలిపోయి, పొడిగా, బిగుసుకుపోయి వచ్చింది. ఎరిత్రిటాల్‌తో కొంచెం నయం, కానీ చల్లారాక అది మళ్లీ పలుకు కట్టి పళ్ల కింద కరకరలాడింది. జామ్‌లో చక్కెర నిల్వకు కూడా పనికొస్తుంది, అది లేకపోతే ఫ్రిజ్‌లో పెట్టినా త్వరగా పాడవుతుంది. పైగా సుక్రలోజ్‌ని 120 డిగ్రీలు దాటి వేడి చేస్తే హానికరమైన క్లోరిన్ సమ్మేళనాలు ఏర్పడవచ్చని జర్మనీ ఆహార భద్రతా సంస్థ 2019లో హెచ్చరించింది. ఓవెన్ అంతకంటే వేడిగానే ఉంటుంది కదా. అందుకే నా పద్ధతి, కేకు తినాలనిపిస్తే అసలు చక్కెరతో చేసిందే, చిన్న ముక్క, అప్పుడప్పుడు.

ఫలితం ఏమిటంటే, నా ఫాస్టింగ్ షుగర్ మళ్లీ హద్దు లోపలికి వచ్చింది. అదంతా స్వీటెనర్ పుణ్యమే అని మాత్రం చెప్పను, అదే సమయంలో నడక మొదలుపెట్టాను, రాత్రి తిండి తగ్గించాను. బరువు మొదట్లో కొద్దిగా తగ్గి ఆగిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో ఇచ్చిన సూచన కూడా ఇదే దిక్కున ఉంది: బరువు అదుపు కోసం ఈ స్వీటెనర్ల మీద ఆధారపడొద్దు అని. కొద్ది కాలం జరిగే ప్రయోగాల్లో చక్కెర పానీయాల బదులు వీటిని ఇస్తే బరువు కాస్త తగ్గుతుంది. ఏళ్ల తరబడి మనుషులను గమనించిన అధ్యయనాల్లో మాత్రం వీటిని వాడేవాళ్లకే బరువు, షుగర్ ఎక్కువగా కనిపించాయి. అయితే ముందే బరువు ఉన్నవాళ్లే వీటి దగ్గరికి వస్తారు కాబట్టి ఏది కారణమో ఏది ఫలితమో విడదీయడం కష్టం. ఆ సూచన ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లకు వర్తించదని కూడా అందులోనే ఉంది, ఆ ముక్క చాలామంది చదవరు.

ఇక క్యాన్సర్ భయం. 2023 జులైలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆస్పర్టేమ్‌ని '2బి', అంటే 'క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉండొచ్చు' అన్న వర్గంలో పెట్టింది. ఆ వర్గం ఆధారాలు ఎంత గట్టిగా ఉన్నాయో చెబుతుంది, ఎంత తింటే ఎంత ప్రమాదమో చెప్పదు. అదే రోజు ఆహార సంకలితాలను పరిశీలించే నిపుణుల కమిటీ రోజువారీ పరిమితిని మార్చకుండా కిలో శరీర బరువుకి 40 మిల్లీగ్రాముల దగ్గరే ఉంచింది. అరవై కిలోల మనిషికి అది 2400 మిల్లీగ్రాములు. ఒక డైట్ డ్రింక్ క్యాన్‌లో రెండు మూడు వందల మిల్లీగ్రాములు ఉంటుందనుకుంటే ఎనిమిది, పన్నెండు క్యాన్ల మధ్య లెక్క. ఈ విషయంలో నేను భయపడటం లేదు. నన్ను ఆలోచింపజేసింది ఎరిత్రిటాల్. రక్తంలో అది ఎక్కువగా ఉన్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని 2023లోనే ఒక అధ్యయనం వచ్చింది. మన శరీరం కూడా ఎరిత్రిటాల్‌ని కొంత తయారు చేసుకుంటుంది కాబట్టి అదే కారణమని తేలిపోలేదు, కానీ 30 గ్రాములు తాగితే రక్తంలో దాని మోతాదు రెండు రోజులకు పైగా ఎక్కువగానే ఉండిపోయిందని కూడా అందులో ఉంది. మిగతావి మిల్లీగ్రాముల్లో పడతాయి, ఇది గ్రాముల్లో పడుతుంది. ఆ తేడా నాకు చాలు, పక్కన పెట్టేశాను. కడుపు ఉబ్బరం వచ్చేవాళ్లు మాల్టిటాల్, సార్బిటాల్ అనే స్వీటెనర్లు ఉన్న షుగర్‌ఫ్రీ చాక్లెట్లకీ దూరంగా ఉండండి, ఎక్కువ తింటే విరేచనాలు ఖాయం.

వాడగా వాడగా నాకు గట్టిగా అనిపించింది ఏంటంటే, స్వీటెనర్ కప్పులోని చక్కెరను తీసేస్తుంది గానీ నాలుకకున్న తీపి అలవాటును తీసేయదు, పైగా 'ఇందులో కేలరీలు లేవులే' అన్న ధీమాతో ఇంతకుముందు తీపి వేసుకోని వాటిలో కూడా వేసుకోవడం మొదలవుతుంది. అందుకే నేను ఒక హద్దు పెట్టుకున్నాను: ఇప్పటికే చక్కెర వేసుకుంటున్న దాని బదులు మాత్రమే, కొత్తగా దేంట్లోనూ కాదు. తర్వాత చుక్కలు తగ్గిస్తూ వచ్చాను. చుక్కల డబ్బాతో ఆ సౌకర్యం ఉంది, ఒక్కో చుక్క తగ్గిస్తే నాలుకకు పెద్దగా తెలియదు. ఇప్పుడు కాఫీ తీపి లేకుండానే తాగుతున్నాను, బాగుంటుంది కూడా. టీలో ఇంకా ఒక చుక్క పడాల్సిందే, నిమ్మరసంలో రెండు.

ఇంట్లో ఇన్సులిన్ గానీ, షుగర్‌ని బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్లు ఉంటే మాత్రం అసలు చక్కెరను ఇంట్లోంచి పూర్తిగా తీసేయకండి. షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, తికమక మొదలైనప్పుడు డైట్ డ్రింకు, స్వీటెనర్ వేసిన టీ ఎందుకూ పనికిరావు, నోటికి తియ్యగా ఉంటాయంతే, రక్తంలో షుగర్‌ని పైకి లేపవు. అప్పుడు కావాల్సింది చక్కెర నీళ్లు, గ్లూకోజ్, లేదా మామూలు పండ్ల రసం, అదీ మనిషి స్పృహలో ఉండి మింగగలిగితేనే. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేయాలి. మా ఇంట్లో చక్కెర డబ్బా, స్వీటెనర్ డబ్బా వేర్వేరు అరల్లో ఉంటాయి, రెండిటి మీదా పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, పిల్లలకి కూడా నాన్నకి ఏ డబ్బా ఎప్పుడు ఇవ్వాలో చెప్పి ఉంచాం.