శాలిహుండమా, మహేంద్రగిరా?

శ్రీకాకుళం నుంచి ఒక్కపూట నడకకు బయలుదేరేవారికి నేను ముందుగా శాలిహుండాన్నే సూచిస్తాను. వంశధార దక్షిణపు గట్టున ఉన్న ఈ కొండ చిన్నది కనుక పెద్దలూ పిల్లలూ నెమ్మదిగా ఎక్కగలరు. 1919లో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు వెలుగులోకి తెచ్చిన ఈ బౌద్ధ క్షేత్రంలో, స్తూపాల, చైత్యాల ఇటుక కట్టడాల పక్కన నిలబడి చూస్తే, కళింగపట్నం వద్ద సముద్రంలో కలవబోతున్న నదీ, దాని ఇసుక తిన్నెలూ, గట్టు వెంబడి వరిచేలూ ఒకే చూపులో అందుతాయి. ఆ ఇటుకలపై కాలు పెట్టవద్దని మాత్రం ప్రతి ఒక్కరినీ వేడుకుంటాను; అవి ఇప్పటికే చాలా అరిగిపోయాయి.

మహేంద్రగిరి సంగతి వేరు. ఒడిశాలోని గజపతి జిల్లాలో, మన మందసకు ఎగువన 1,501 మీటర్ల ఎత్తున నిలిచిన ఈ పర్వతానికి పూర్తి రోజూ, గట్టి కాళ్లూ కావాలి. పైన భీముడు, కుంతి, ధర్మరాజుల పేర్లతో ప్రాచీన రాతి గుడులున్నాయి. బారువ వద్ద సముద్రాన్ని చేరే మహేంద్రతనయ పుట్టేది ఈ కొండల్లోనే. వానాకాలంలో మబ్బు కమ్మితే లోయ కనిపించదు, శివరాత్రికి జనం కిక్కిరిసి ఉంటారు. ప్రశాంతంగా నడవాలనుకునేవారికి మార్గశిర, పుష్య మాసాలే అనుకూలం.