చిగురు మీద పద్యాన్ని ఆకురాలే కాలం మీదకి తోసేసిన గైడు: రెండు స్టార్లు

డిగ్రీ చదివే మా మేనకోడలి కోసం ఈ ఇంగ్లీషు పద్యాల గైడు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ముందు మంచి చెప్తా. అక్షరాలు పెద్దవి, పేపర్ పర్వాలేదు, కష్టమైన మాటలకి తెలుగు అర్థాలు పక్కనే ఇచ్చారు, పాత ప్రశ్నలూ ఉన్నాయి. రేపు పరీక్ష అనగా ఇవాళ తిరగెయ్యడానికి పనికొస్తుంది.

గొడవంతా అమెరికన్ కవి రాబర్ట్ ఫ్రాస్ట్ రాసిన 'నథింగ్ గోల్డ్ కెన్ స్టే' (బంగారమేదీ నిలవదు అని) దగ్గరే. 1923లో అచ్చయిన పద్యం, ఎనిమిదే లైన్లు. దీనికి గైడు ఇచ్చిన సారాంశం ఏంటంటే, శరదృతువులో ఆకులు పసుపుపచ్చగా మారి రాలిపోతాయట, మనిషి బతుకూ అంతేనట. అసలు ఈ పద్యంలో శరదృతువు ఎక్కడుందండీ? ప్రకృతిలో తొలి పచ్చదనం బంగారు రంగులో ఉంటుందని మొదటి లైన్లోనే చెప్తుంటే! ఫ్రాస్ట్ ఉన్న న్యూ ఇంగ్లండ్ (అమెరికా ఈశాన్య మూల) వైపు చలికాలం పోగానే విల్లో, మేపుల్ లాంటి చెట్లు పూర్తిగా పచ్చబడక ముందు కొన్నాళ్ళు పసుపు రంగులో మెరుస్తాయి, దూరం నుంచి చూస్తే అది ఆకో పువ్వో తేల్చుకోలేం. అందుకే తొలి ఆకే పువ్వు, అదీ ఒక్క గంటసేపే అంటాడు. మనకేమన్నా కొత్తా ఇది? రావి చిగురు రాగి రంగులో నిగనిగలాడుతుంది, మామిడి చిగురూ అంతే, పత్రహరితం బాగా పట్టాక ఆ రంగు పోయి మామూలు ఆకైపోతుంది. ఈ ఒక్క ముక్క రాసి ఉంటే మన పిల్లలకి పద్యం సగం అర్థమయ్యేది.

ఋతువే కదా, అటూ ఇటూ అయితే ఏమైందిలే అనుకోకండి, అర్థమంతా తిరగబడిపోతుంది. రాలే ఆకు అంటే చావు గురించి అనుకుంటాం. ఇక్కడ ఏదీ చావట్లేదు. చిగురు ఆకవుతోంది, తెల్లవారుజాము పగలవుతోంది. పొద్దెక్కింది అని మనం అనే చోట ఈయన తెల్లవారుజాము పగట్లోకి దిగిపోయింది అంటాడు. అంటే ఎదగడంలోనే ఏదో ఒకటి చేజారుతోందన్నమాట, అసలు బాధ అది. మధ్యలో ఏదెను తోట వస్తుంది, ఆదాము అవ్వలు పోగొట్టుకున్న తోట. గైడులో దానికి 'బైబిలు ప్రస్తావన' అని రెండే మాటలు రాసి వదిలేశారు. ఆకు, తోట, తెల్లవారుజాము, మూడూ కిందికే దిగుతున్నాయి, కావాలనే వాటిని వరసగా పెట్టాడు. పరీక్షలో అడిగితే మార్కులు వచ్చేది కూడా ఇక్కడే.

రెండేసి లైన్లకి అంత్యప్రాస అని టేబుల్ మాత్రం నీటుగా వేశారు. అయితే మిగతా లైన్లు దాదాపుగా ఆరేసి సిలబుల్స్‌తో (ఒక్క ఊపులో పలికే ముక్కలతో) నడిచి ఆఖరి లైను ఐదుకే ఆగిపోతుందన్న సంగతి అందులో లేదు. పైకి చదివితే తెలుస్తుంది, అడుగు పడాల్సిన చోట మెట్టు లేనట్టు ఉంటుంది.

ఇంకో తమాషా. వాన మీద ఉన్న ఇంకో పద్యానికీ, సముద్రం మీద ఉన్న పద్యానికీ ఈ పద్యం సారాంశంలోని 'జీవితం నీటిబుడగ' పేరానే అక్షరం మారకుండా అతికించారు. ఎడిటర్ అనే మనిషి ఉన్నాడా లేడా అని డౌటొచ్చింది.

కొనాలా అంటే, పాసైతే చాలు అనుకునేవాళ్ళు కొనుక్కోవచ్చు, అర్థాలూ పాత ప్రశ్నలూ ఎలాగూ ఉపయోగమే. ఈ పద్యం నెట్‌లో ఫ్రీగానే దొరుకుతుంది కాబట్టి ముందు దాన్ని రెండు మూడుసార్లు పైకి చదివి తర్వాత గైడు తెరవండి, సారాంశం పేజీ జోలికి మాత్రం పోకండి. డెలివరీ టైముకే వచ్చింది, అట్ట మూల కొంచెం నలిగింది అంతే.