చలికాలంలో సిక్కోలు తీరం: కెమెరాతో వెళ్లేవాళ్లకి

శ్రీకాకుళం జిల్లాలో సముద్రం సరిగ్గా తూర్పున ఉండదు, ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. ఫొటోలు తీసేవాళ్లకి ఈ వాలే కీలకం. జూన్‌లో సూర్యుడు ఈశాన్యంగా, ఒడ్డు సాగిపోయే దిక్కుకి దగ్గరగా పొడుస్తాడు. డిసెంబరు నెలాఖరుకి తూర్పు నుంచి దక్షిణానికి దాదాపు 25 డిగ్రీలు జరిగి నడిసముద్రంలోంచి లేస్తాడు. పడవ ముక్కు, నురుగు, బింబం ఒకే ఫ్రేములో కుదరాలంటే డిసెంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి రెండో వారం దాకా వెళ్లాలి. అక్టోబరు, నవంబరు నెలలు తుపాన్లవి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటింది ఈ జిల్లాలోని పలాస దగ్గరే. ఆ రోజుల్లో ముందే డబ్బు కట్టి రూములు తీసుకోకపోవడం మంచిది.

సూర్యోదయం డిసెంబరు 21 ప్రాంతంలో 6.21కి, సంక్రాంతికి 6.29కి, ఫిబ్రవరి మధ్యలో మళ్లీ 6.22కి. యాప్ చెప్పిన నిమిషానికి బింబం కనపడకపోతే కంగారు పడొద్దు. చలికాలంలో నీటి అంచున మసక పొర ఉంటుంది, దాన్ని దాటి ఎర్రటి బిళ్లలా తేలడానికి ఇంకో నాలుగైదు నిమిషాలు పడుతుంది. భోగి తెల్లవారున ఊళ్లలో మంటల పొగ కూడా కలిసి ఆ పొర మరీ చిక్కగా ఉంటుంది. చాలామంది తిట్టుకునే ఈ మసకే నిజానికి వరం. 300 మిల్లీమీటర్ల లెన్స్‌తో, ఏ ఫిల్టరూ లేకుండా బింబాన్ని అంచు చెదరకుండా తీయొచ్చు. అది పసుపుకి తిరిగాక మాత్రం వ్యూఫైండర్‌లో కన్ను పెట్టకండి.

మన దగ్గర పొద్దు పొడవక ముందుండే మసక వెలుగు తొందరగా అయిపోతుంది. ఆకాశంలో నీలం రంగు పలికేది 5.40 నుంచి 6 దాకానే. అంటే 5.30కల్లా ఇసుక మీద ఉండాలి. బస ఎక్కడన్నది ఇక్కడే తేలిపోతుంది.

కళింగపట్నం శ్రీకాకుళం నుంచి సుమారు 30 కిలోమీటర్లు. శ్రీకాకుళం టౌన్లో లాడ్జీలు బోలెడు, భోజనానికీ లోటు లేదు. కాకపోతే నాలుగున్నరకే బయల్దేరాలి. ఆ వేళకి బస్సునీ షేరు ఆటోనీ నమ్ముకోలేం. ఆటో ముందు రోజు సాయంత్రమే మాట్లాడుకోవాలి, రానూ పోనూ బేరంతో పాటు అక్కడ ఆగే మూడు గంటలకీ కలిపి. ఆ ముక్క అనుకోకపోతే ఏడు గంటలకే హారన్ మొదలవుతుంది, మంచి వెలుగంతా దానితోనే పోతుంది. లాడ్జీలో గేటు తాళం ఎవరి దగ్గరుందో రాత్రే కనుక్కోండి. ఏసీ రూములో పెట్టిన కెమెరాని ఒడ్డున తీయగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, తుడిచినకొద్దీ వస్తూనే ఉంటుంది. రాత్రి ఏసీ వేయకపోతే సరి. వేస్తే సంచి మూసే ఉంచి, అరగంట ముందు నుంచీ బయటి గాలికి పెట్టాలి.

ఒక్క ఉదయమే చేతిలో ఉంటే నా ఓటు కళింగపట్నానికే. లైట్‌హౌస్, పడవలు, వంశధార సాగరసంగమం అన్నీ నడిచే దూరంలో ఉన్నాయి. సంగమం దగ్గర ఇసుక మేటలు ఏటా చోటు మారతాయి. నిరుడు మోకాలు లోతున్న చోట ఈ ఏడాది మనిషి మునగొచ్చు. మేట మీదకి దాటాలనుకుంటే పోటు ఎప్పుడో జాలర్లని అడిగే కదలండి.

అలల ఫొటోల్లో ఎక్కువ చెడిపోయేది ట్రైపాడ్ వల్లే. వెనక్కి పోయే నీరు కాళ్ల కింది ఇసుకని లాగేస్తుంది, ఒక సెకను ఎక్స్‌పోజరులో ఆ కుంగుబాటు స్పష్టంగా తెలుస్తుంది. తడి ఇసుకలో ఒక్కో కాలునీ జానెడు లోతుకి దించి, రెండు అలలు వెళ్లనిచ్చి, అప్పుడు మట్టం చూసుకోవాలి. పొడి ఇసుకలో అయితే మూడు కొబ్బరి చిప్పలు వెల్లకిలా పెట్టి, కాళ్లు వాటిలో ఆన్చితే కదలదు. కెమెరా సెట్టింగులు: ఐఎస్‌వో (వెలుగుకి సెన్సారు స్పందన) 100, ఎఫ్ (లెన్స్ రంధ్రం) 11, షట్టరు అర సెకను నుంచి ఒక సెకను. అల వస్తున్నప్పుడు నొక్కితే తెల్లటి ముద్ద తప్ప ఏమీ మిగలదు. విరిగిన అల తిరుగుముఖం పట్టగానే నొక్కాలి, నురుగు దారాలు దారాలుగా సాగుతుంది. 6.40 దాటాక వెలుగు పెరిగి షట్టరు 1/60 సెకనుకి వచ్చేస్తుంది. అప్పుడు ఆరు స్టాపుల ఎన్‌డీ ఫిల్టరు (వెలుగుని 64వ వంతుకి తగ్గించే నల్లటి అద్దం) పెడితే మళ్లీ ఒక సెకను దొరుకుతుంది. వైట్ బ్యాలన్స్ (రంగుల సర్దుబాటు) ఆటోలో వదలొద్దు, కెమెరా ఆ ఎరుపుని తప్పనుకుని సరిచేసేస్తుంది. డేలైట్‌లో ఉంచండి. ఫోనుతో తీసేవాళ్లు బింబం పక్కన తాకి, వెలుగు గీతని కిందికి లాగితే చాలు.

ఏడు తర్వాత ట్రైపాడ్ మడిచేసి అలివి వల (ఒడ్డు నుంచి తాళ్లతో లాగే పెద్ద వల) లాగే చోటికి వెళ్లండి. తాడు లాగేవాళ్లు సముద్రం వైపు తిరిగి వెనక్కి వాలతారు కాబట్టి, ఎండ సూటిగా ముఖాల మీద పడుతుంది. ఒడ్డున వాళ్ల వెనక నిలబడితే నల్లటి వీపులే వస్తాయి. పాదాలు తడిసే చోట, తాడుకి ఓ పక్కగా ఉండి షట్టరు 1/500 సెకనుతో తీయాలి. ముందు ఓ మాట అడగండి. వలని చెప్పులతో తొక్కొద్దు, తాడు దాటొద్దు. వల సంచి ఒడ్డుకొచ్చాక బేరాల హడావిడి ఉంటుంది, ఆ రెండు నిమిషాలూ దూరం జరగడమే మర్యాద.

మధ్యాహ్నం ఎండ కూడా డిసెంబరులో 48 డిగ్రీలకి మించి పైకి ఎక్కదు. గార మండలంలోనే ఉన్న శాలిహుండం కొండకి ఇదే వేళ. బౌద్ధ స్తూపాల ఇటుకల మీద నీడలు పొడుగ్గా పడతాయి, కింద ఉత్తరాన వంశధార ఎదురెండ లేకుండా కనిపిస్తుంది.

సాయంత్రానికి మాత్రం సముద్రం పనికిరాదు. సూర్యుడు నేల వైపు దిగుతాడు. అందుకే టెక్కలి దగ్గరి నౌపడ ఉప్పు మడులు. 4.45 నుంచి 5.25 దాకా మడుల్లో నీళ్లు అద్దంలా ఉంటాయి, గాలి ఆగితేనే. ఉప్పు కుప్పలే కావాలంటే ఎండలు ముదిరాక రావాలి. గట్ల మీద నడవండి, మడిలో కాలు పెడితే ఒకరి పని పాడవుతుంది. దగ్గర్లోని తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు మార్చి దాకా ఉంటాయి. 400 మిల్లీమీటర్ల లెన్స్ కావాలి, ఫోనుతో లాభం లేదు. ఈ వైపు బసకి టెక్కలి చాలు.

రెండో ఉదయం దొరికితే బారువ తీరం. పలాసలో రైలు దిగి అక్కడే లాడ్జీ తీసుకోవడం తేలిక, జీడిపప్పు వ్యాపారం వల్ల రూములకి కొరత ఉండదు. మహేంద్రతనయ నది సంగమం కన్నా ఇక్కడ విశేషం వీపు వెనకుంది. సూర్యుడు లేచిన పది నిమిషాలకి వెనక్కి తిరిగితే, 1,501 మీటర్ల మహేంద్రగిరి మీద ఎదురుగా గులాబీ వెలుగు. మసక తక్కువున్న రోజే కనిపిస్తుంది, ముందు రోజు వాన పడి ఉంటే దాదాపు ఖాయం.

విజయనగరం వైపు చింతపల్లి లైట్‌హౌస్, చంపావతి నది సముద్రంలో కలిసే కోనాడ ఉన్నాయి. విజయనగరంలో బస ఉన్నవాళ్లకి బాగానే ఉంటాయి. వీటి కోసమే అంత దూరం నుంచి రానక్కర్లేదు.

జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్లు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. ఫ్లాష్, టార్చి, ఫోను వెలుగు ఏదీ వేయకూడదు, బెదిరి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతాయి. గుడ్లలోంచి పిల్లలు రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. పిల్లల్ని అటవీ శాఖవాళ్లు వదిలే ఉదయం దొరికితే, ఆ ఫొటో పగటి వెలుగులో తీసుకోవచ్చు.

రూముకి రాగానే ముందు టిఫిను కాదు, ట్రైపాడ్. కాళ్ల కింది భాగాలు విప్పి మంచినీళ్ల బకెట్లో ముంచి కడగాలి. ఒక్క పూట వదిలేస్తే ఉప్పు పట్టేసి లాకులు బిగుసుకుంటాయి. లెన్స్ ముందున్న ఫిల్టరుని పొడి గుడ్డతో రుద్దితే ఇసుక రేణువు గీత పెడుతుంది. ముందు ఊదండి, తర్వాత మంచినీటితో తడిపిన గుడ్డతో అద్దండి, చివర్లో పొడి గుడ్డ.